ఒక దిక్కు అత్తమ్మ మంచం, ఒక దిక్కు మనవరాలి ఉయ్యాల

ప్రశ్న: నాకు 60 ఏళ్లు. తిరుపతి భవానీ నగర్‌లో ఉంటాం. మా అత్తమ్మకు 84. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది, మనం చెప్పేది అర్థమవుతుంది. స్నానం, తిండి, డైపర్, మాత్రలు అన్నీ నేనే చూస్తాను. రాత్రి మూడుసార్లు లేస్తాను. మా ఆయన బ్యాంకులో రిటైరై మూడేళ్లయింది. మరిది చిత్తూరులో, ఆడబిడ్డ పుత్తూరులో ఉన్నారు. పండక్కి వచ్చి చూసి పోతారు. ఇప్పుడు బెంగళూరులో మా అమ్మాయికి ప్రసూతి సెలవు అయిపోవస్తోంది. బిడ్డకు ఐదో నెల. వియ్యపురాలు అనంతపురంలో ఉన్నారు, ఆమెను అడగడం బాగుండదని అడగలేదు. "నువ్వు రాకపోతే ఉద్యోగం మానేయాల్సిందే అమ్మా" అని మా అమ్మాయి రోజూ ఫోన్‌లో ఏడుస్తోంది. మా ఆయనేమో "నీ కూతురు, నీ ఇష్టం. కానీ అమ్మ సంగతి ఆలోచించుకో" అంటారు. నాకూ మోకాళ్ల నొప్పులు. తిరుచానూరు గుడికి పోయి రెండేళ్లయింది. ఎటు పోయినా పాపమే అనిపిస్తోంది. ఎవరిని వదలాలి?
— పేరు వేయవద్దన్న సోదరి, తిరుపతి

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అత్తమ్మకు ఏ మాత్ర ఎన్ని గంటలకు వేస్తారో, ఏ పూట ఎన్ని స్పూన్ల జావ తాగిందో అంతా రాశారు. మీ మోకాళ్ల గురించి మాత్రం ఒకే ఒక్క మాట. అది కూడా "నాకు" అని కాదు, "నాకూ" అని. ఆ దీర్ఘం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందరికీ ఉన్నట్టే నాకూ ఉంది, పట్టించుకోవాల్సిందేమీ లేదు అని మీకు మీరే చెప్పుకున్నట్టుంది.

ఎవరిని వదలాలి అని అడిగారు. ఉత్తరం చదువుతూ నేను మనుషుల్ని లెక్కపెట్టాను. మీ ఆయన, మరిది, ఆడబిడ్డ, కూతురు, అల్లుడు, వియ్యపురాలు. ఆరుగురు పెద్దవాళ్లు. మంచంలో ఉన్న మనిషినీ, ఉయ్యాలలో ఉన్న బిడ్డనూ చూసుకోవడానికి ఇంతమంది ఉంటే, ఈ ప్రశ్న మీ ఒక్కరికే ఎందుకు వచ్చింది? మీరు ఎవరినీ వదలక్కర్లేదు. ఇన్నాళ్లూ మీ ఒక్కరి చేతిలో ఉన్న పనిని పంచాలి. అది ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టే కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను.

నేను 33 ఏళ్లు ఆస్పత్రి వార్డుల్లో నర్సుగా పనిచేశాను. మా అత్తమ్మ కూడా నాలుగేళ్లు మంచంలో ఉన్నారు, కొర్లగుంటలో మా పాత ఇంట్లో. డ్యూటీ దిగి ఇంటికి వస్తే ఇంట్లోనూ అదే డ్యూటీ. మా ఆయన ఒకటి రెండుసార్లు "నేను తినిపిస్తాలే" అని ముందుకొచ్చారు. "మీకు చేతకాదు, పొలమారుతుంది" అని గిన్నె లాక్కున్నాను. నర్సును కదా, నాకంటే బాగా ఎవరు చేస్తారు అని నా నమ్మకం. 2009 ఎండాకాలంలో ఒక తెల్లవారుజామున ఆమెను మంచం మీద పైకి జరపబోతే నా నడుము పట్టేసింది. డిస్క్ జారింది. ఆరు వారాలు నేను లేవలేదు.

పక్క గదిలో పడుకుని వింటూ ఉండేదాన్ని. మొదటి రోజు మా ఆయన సగం జావ పక్క మీదే పోశారు. రెండో రోజు డైపర్ తిరగేసి కట్టారు. నాలుగో రోజు "అమ్మా, నోరు తెరువు. చిన్నప్పుడు నాకెట్లా పెట్టేదానివి?" అంటున్నారు, ఆవిడ నవ్వుతున్న చప్పుడు నాకు వినిపించింది. అంతకుముందు అన్నేళ్లలో నా చేతి ముద్ద తింటూ ఆమె ఎన్నడూ నవ్వలేదు. నేను గడియారం చూసి తినిపించాను, ఆయన అమ్మకు తినిపించారు. ఆ ఆరు వారాల మాట మా ఆయన ఇప్పటికీ ఎత్తుతారు. దానికి ముందున్న మూడేళ్లు ఆయనకు దక్కకుండా చేసింది నేనే. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

అందుకే మీకు నా మొదటి మాట: మీ ఆయనకు పని నేర్పండి. "సాయం చేయండి" అని అడగకండి. అది ఆయన తల్లి సేవ, మీకు చేసే సాయం కాదు. బెంగళూరు ప్రయాణం ఖాయమైనా కాకపోయినా, రేపటి నుంచే ఒక వారం పక్కన నిలబెట్టుకుని నేర్పండి. ఎట్లా చేయాలో కింద రాస్తున్నాను. ఈ పేజీ కత్తిరించి ఆయన చేతికే ఇవ్వండి.

అయ్యా, మీ అమ్మగారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. కాసేపు వెల్లకిలా, కాసేపు ఎడమకు, కాసేపు కుడికి. వీపు వెనక దిండు ఆనించండి. కుడి పక్కకు తిప్పినప్పుడు పడిపోయిన భుజం ఆమె బరువు కింద నలగకూడదు. రోజూ ఒకసారి మడమలు, తుంటి, నడుము కింది ఎముక చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎరుపు తిరిగితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు పోలేదంటే అక్కడ పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనిపించదు, అక్కడ తాకితే వేడిగానో గట్టిగానో ఉంటుంది. ఆ చోట రుద్దకండి, నూనె రాసి మర్దన చేయకండి. దాని మీద బరువు పడకుండా పడుకోబెట్టి డాక్టరుకు చూపించండి. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు.

తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. చిన్న స్పూను వాడండి. బలం ఉన్న ఎడమ బుగ్గ వైపు పెట్టండి. మింగిన తర్వాతే రెండో స్పూను. చివర్లో కుడి బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడండి. ఆమెకు అక్కడ ఉన్నట్టు తెలియకపోవచ్చు. ఇట్లాంటి వాళ్లకు చిక్కటి రాగి జావ కంటే నీళ్లే ఎక్కువ పొలమారతాయి. అందుకని నీళ్లు తొందరపెట్టి తాగించకండి. తిన్నాక అరగంట కూర్చునే ఉండాలి. కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని ఎడమ వైపు వేయండి, బలమున్న వైపుకే ఆమె కదలగలదు. కుడి చెయ్యి పట్టి ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారుతుంది. మంచం మీద పైకి జరపాలంటే నడుము కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని జరపాలి. నేను ఒక్కదాన్నే జరపబోయి ఏమైందో పైన చదివారు.

చెల్లీ, స్నానం దగ్గర ఇబ్బంది ఉంటుంది. కొడుకు ముందు ఆమె సిగ్గుపడొచ్చు, ఆయనా వెనకాడొచ్చు. ఆ మర్యాద నిలబెట్టాల్సిందే. పొద్దున రెండు గంటలకు ఒక ఆయమ్మను పెట్టుకోండి. ఆమె జీతం ముగ్గురు తోబుట్టువులూ పంచుకోవాలి. దానికోసం మరిదినీ ఆడబిడ్డనూ ఒక ఆదివారం పిలవండి. పండగ రోజు వద్దు, పండగ రోజు వంటింట్లో మీరే ఉంటారు. మాట్లాడాల్సింది మీ ఆయన. మీరు మాట్లాడితే "వదిన విసుక్కుంటోంది" అనే మాట ఒకటి పుడుతుంది. పుత్తూరు గంట దూరం, చిత్తూరు గంటన్నర. నెలలో ఒక వారం ఆడబిడ్డ వచ్చి ఉండటం, ఒక శని ఆదివారాలు మరిది ఉండటం పెద్ద విషయం కాదు. రాలేనివాళ్లు డబ్బు పంపాలి. రానూ రాక, పంపనూ పంపక "అమ్మ ఎట్లా ఉంది" అని ఫోన్‌లో అడగడం మాత్రం సరిపోదు.

ఇక్కడ ఒక సంగతి మీకు తెలియాలి. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో చట్టం వచ్చింది. అందులో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, పెద్దవాళ్లయిన మనవడు, మనవరాలు. కోడలు అనే మాట ఆ వరుసలో లేదు. ఎవరినైనా మీరు ఆఫీసుల చుట్టూ తిప్పాలని ఇది చెప్పడం లేదు. రెండేళ్లుగా మీరు చేస్తున్నది ప్రేమతోనో, ఇంటి మర్యాద కోసమో చేస్తున్నారు. బాధ్యత ముందుగా ఎవరిదో వాళ్లకు గుర్తు చేయడంలో మీ తప్పేమీ లేదు.

ఇంకో మాట. ఇంత ఉత్తరంలో అత్తమ్మ ఏమంటోందో లేదు. కుడి వైపు పడిపోయినవాళ్లలో చాలామందికి మాట పోతుంది, తెలివి పోదు. అవునంటే నా చెయ్యి ఒకసారి నొక్కు, కాదంటే రెండుసార్లు నొక్కు అని ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని అడగండి. "మనవరాలికి బిడ్డ పుట్టింది, నేను పోయి కొన్నాళ్లు ఉండి రానా? నీ కొడుకు చూసుకుంటాడు" అని చెప్పండి. ఆమె తన చేతుల్లో పెరిగిన మనవరాలి బిడ్డ విషయంలో అడ్డం చెబుతుందని నేను అనుకోను. చెప్పినా, ఎందుకు చెప్పిందో కనుక్కోవచ్చు.

మీ అమ్మాయి సంగతికి వస్తాను. ఆమె ఏడుపు నిజమే. ఐదు నెలల బిడ్డను వదిలి ఆఫీసుకు పోవడమంటే ప్రాణం పోయినట్టే ఉంటుంది. కానీ "నువ్వు రాకపోతే ఉద్యోగం మానేయాలి" అనే మాటలో అల్లుడు ఎక్కడున్నాడు? వంతుల వారీగా సెలవు పెట్టడం, రాత్రి బిడ్డను ఎత్తుకోవడం అతనూ చేయాలి. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 చట్టమే, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. పని తీరును బట్టి, సెలవు తర్వాత కొన్నాళ్లు ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటును యాజమాన్యంతో మాట్లాడుకోవచ్చని కూడా అందులో ఉంది. మీ అమ్మాయి ఇవి అడిగిందా? హెచ్ఆర్ వాళ్లకు కాగితం మీద రాసి అడగమనండి. చాలామంది ఆడపిల్లలు అమ్మకు ఫోన్ చేస్తారే గాని ఆఫీసులో అడగరు. అమ్మ ఎన్నడూ కాదనదు కదా.

అనంతపురం వియ్యపురాలిని అడగడం బాగుండదని రాశారు. ఎందుకు బాగుండదు? ఆ బిడ్డకు ఆమె జేజి. మీకు అమ్మమ్మ అయ్యే హక్కు ఎంతో, ఆమెకు జేజి అయ్యే హక్కు అంతే. అడక్కపోతే "నన్ను పిలవలేదు" అని ఆమె మనసులో పెట్టుకునే ప్రమాదమే ఎక్కువ.

ఇవన్నీ కదిలాక బెంగళూరు పోండి. రెండు నెలలు, అంతకంటే వద్దు. పోయేముందే తిరుగు టికెట్ తీసుకోండి. తేదీ లేకుండా పోయిన అమ్మమ్మలు బిడ్డ బడికి పోయేదాకా అక్కడే ఉండిపోతారు. ఇక్కడ మొగుడు ఒంటరిగా మెస్ భోజనం తింటూ ఉంటాడు. మా వీధిలోనే అట్లాంటి ఇళ్లు మూడున్నాయి. మీరున్న రెండు నెలల్లో ఆరు నిండిన బిడ్డకు రాగి జావ, మెత్తటి పప్పన్నం అలవాటు చేయడం, క్రెష్‌కు అలవాటు చేయడం మీ పని. తర్వాత వియ్యపురాలి వంతు.

"బిడ్డను తీసుకుని అమ్మాయే తిరుపతికి వచ్చి ఇంటి నుంచి పనిచేస్తే?" అని మీకు ఆలోచన వచ్చే ఉంటుంది. అత్తమ్మ మంచం పక్కన మునిమనవరాలు పాకుతుంటే చూడటానికి ఎంతో బాగుంటుంది. కానీ మీ ఆయన పని నేర్చుకోకముందు అది చేయకండి. అప్పుడు రెండు డైపర్లూ మీవే అవుతాయి.

ఇక మోకాళ్లు. తిరుపతిలో ఉండి కూడా చూపించుకోలేదంటే టైం లేకనే. దేవస్థానం వారి బర్డ్ ఆస్పత్రి ఎముకల జబ్బులకే ఉంది. మీ ఆయన నేర్చుకునే వారంలోనే, ఒక పొద్దున ఆయనను అమ్మ దగ్గర కూర్చోబెట్టి పోయి రండి. ఇంకో సాయంత్రం తిరుచానూరు. తొందరగా దణ్ణం పెట్టుకుని రావద్దు, పుష్కరిణి మెట్ల మీద కాసేపు కూర్చోండి. ఇంటి నుంచి ఫోన్ వస్తే వెంటనే లేవకండి. "జావ ఎక్కడుంది" అని అడుగుతారు. ఎక్కడుందో చెప్పి పెట్టేయండి.

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. చిత్తూరు. భార్య పోయాక నాలుగేళ్ల కిందట ఇల్లు కొడుకు పేరున దాన సెటిల్‌మెంట్ రాసిచ్చాను. "నన్ను చూసుకోవాలి" అని అందులో రాయించలేదు. కొడుకు మీద కాగితం ఎందుకు అనుకున్నాను. ఇప్పుడు మేడ మీద రేకుల గదిలో ఉంటున్నాను. భోజనం క్యారియర్‌లో పైకి వస్తుంది. మూడో తరగతి చదివే మనవడిని నా దగ్గరికి రానివ్వరు. ఇల్లు వెనక్కి తీసుకోవచ్చా? కేసు పెడితే మనవడు శాశ్వతంగా దూరమవుతాడేమో అని భయం.
— ఒక తండ్రి

జవాబు: అన్నా, ముందు మీ భయాన్ని, ఇంటిని విడదీసి చూద్దాం.

పైన చెప్పిన 2007 చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. షరతు ఉన్నట్టు చూపించాల్సిందే అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఇచ్చిన ఇంకో తీర్పులో, ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలి అంది. ఆ కేసులో కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితాన్ని లెక్కలోకి తీసుకుంది. కాబట్టి మీ దస్తావేజు నకలు తీసి ప్రతి వాక్యమూ చదివించండి. ఆ రోజుల్లో మీ కొడుకు రాసిన కాగితం, పంపిన మెసేజ్, సాక్షి సంతకం పెట్టినవాళ్లకు తెలిసిన మాట ఏదైనా ఉందేమో వెతకండి. ఏమీ లేకపోతే ఇంటి విషయం కష్టమవుతుంది, ఆ మాట మీకు దాచను.

కానీ పోషణ అడగడానికి దస్తావేజులో ఏ షరతూ అక్కర్లేదు. చిత్తూరు ఆర్డీవో దగ్గర ఇట్లాంటి అర్జీలు విచారించే ట్రిబ్యునల్ ఉంటుంది. వకీలు లేకుండా మీరే అర్జీ ఇవ్వొచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించే అధికారం వాళ్లకు చట్టంలో ఉంది. 90 రోజుల్లో తేల్చాలి. విచారణకు ముందు రాజీ కుదిర్చే అధికారి దగ్గరికి పంపే వీలు కూడా ఉంది. మీకు కావలసింది అదే అనిపిస్తోంది. అంతకంటే ముందు 14567కు ఫోన్ చేయండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు, వాళ్లు కొడుకుతో మాట్లాడతారు కూడా.

మనవడి సంగతి కాగితాలతో తేలదు. కొడుకును ఒక్క పని అడగండి: "పిల్లవాడిని బడి నుంచి రోజూ నేను తీసుకొస్తా." ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లకు అది నిజంగా అవసరమైన పని. కాదనడానికి కారణం వెతుక్కోవాలి. దారిలో ఇరవై నిమిషాలు మీవి. ఇంటి గురించి, వాళ్ల నాన్న గురించి ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క మాట కూడా ఎత్తకండి. పిల్లవాడు చెప్పేది వినండి.

ఒప్పుకోకపోతే అర్జీ ఇవ్వండి, ఆగకండి. రేకుల గదిలో ఏప్రిల్, మే నెలల ఎండ 72 ఏళ్ల వయసులో ప్రాణం మీదికి తెస్తుంది. గది మార్చమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రశ్న: నాలుగు నెలల మనవడికి నాలుక మీద తేనె రాస్తే కోడలు పెద్ద గొడవ చేసింది. మా పిల్లలందరికీ రాశాం, ఏమీ కాలేదు. నేను చేసింది తప్పా?
— శ్రీకాళహస్తి నుంచి ఒక జేజి

జవాబు: అవునమ్మా, ఈ విషయంలో కోడలిదే సరైన మాట. తేనెలో ఒక్కోసారి ఒక రకం సూక్ష్మజీవి విత్తనాలు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అవి మొలకెత్తవు, ఏడాది లోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. బిడ్డ ఒళ్లు వేలాడిపోతుంది, ఊపిరి కూడా ఆగొచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణాపాయం. ఏడాది నిండేదాకా తేనె వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. కోడలితో "నాకు తెలియదు, ఇక రాయను" అని ఒక్క మాట అనండి. మీ పెద్దరికం తగ్గదు.

నూనె మర్దన మీరే చేయండి. అది మీ చేతికి వచ్చినట్టు ఆ పిల్లకు ఇంకా రాదు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి. కొబ్బరి నూనె చాలు. ముక్కులో, చెవుల్లో మాత్రం చుక్క కూడా వేయకండి.